మా వదిన మోత పాటలు

ఒంట్లో బాగాలేకపోతే ఎవరైనా మందుల షాపుకి పోతారు. మా లాండ్రీలో మనసు బాగాలేనివాళ్ళు మా వదిన దగ్గరికి వచ్చేవారు. ఆవిడ ప్రెస్సు పిడి వదలకుండానే మనిషిని ఎగాదిగా చూసి, "నీకు ఇటుకల పాట" అనేది. లేదంటే, "నీకది చాలదు, పళ్ళు నూరేది వెయ్యాలి" అనేది. ఏమైంది, ఎందుకలా ఉన్నావు అని అడగడం ఆవిడ పద్ధతి కాదు. మొహం చూస్తే తెలియడం లేదా, మళ్ళీ అడిగి పుండు కెలకడమెందుకు అనేది ఆవిడ సిద్ధాంతం.

ఆ పాటలు ఎలాంటివో ముందే చెప్పాలి, లేకపోతే మీరు ఏ వేణువు పాటలో అనుకుంటారు. అవి మోత పాటలు. రాక్ అని కొన్ని, పంక్ అని కొన్ని, వాటిలో రెండు జాతులున్నాయని మా మేనకోడలు చెబుతుంది గానీ నా చెవికి అన్నీ ఒకటే. గిటారు వాయిస్తున్నట్టుండదు, రేకు చింపుతున్నట్టుంటుంది. డ్రమ్ములు కొట్టేవాడికి ఎవరి మీదో పాత కక్ష ఉంటుంది. పాడేవాడు పాడడు, అరుస్తాడు, అదీ జలుబు చేసిన గొంతుతో. భాష మనది కాదు. మొదటి రోజు నుంచి ఇవాళ్టి వరకు ఆ పాటలంటే నాకు తలనొప్పే. ఈ మాట ఇప్పుడే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను వాటి భక్తురాలనుకోకండి.

నేను ఆవిడకి ఆడపడుచుని. మా అన్న పోయాక కూడా ఆవిడా, ఆవిడ కూతురూ, నేనూ అదే ఇంట్లో ఉంటున్నాం. రెండు గదులు, మధ్యలో పూర్తిగా మూతపడని తలుపు. పని కూడా ఒకే లాండ్రీలో. ఆవిడది ప్రెస్సు దగ్గర, నాది మడత బల్ల దగ్గర. మిగతా వదినా ఆడపడుచులు ఇంట్లో పోట్లాడుకుంటారు. మాకు ఇంట్లో తీరిక ఉండదు కాబట్టి ఆ పని కూడా లాండ్రీకే తెచ్చుకున్నాం.

లాండ్రీ అంటే వీధి చివర కొట్టు కాదు. ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు, ఆపరేషన్ గదుల ఆకుపచ్చ బట్టలు బండ్ల మీద మూటలు మూటలుగా వస్తాయి. కింద గదిలో ఉతుకు, పై గదిలో ఇస్త్రీ. పై గదికి రేకుల కప్పు. కింద నుంచి సోడా వాసన, పైన ఆవిరి. కిటికీలో ఒక ఫ్యాను ఉంది, గాలిని బయటికి లాగుతుందో లోపలికి తోస్తుందో దానికే తెలియదు. పొద్దున వేసుకున్న చెప్పులు సాయంత్రానికి బిగుతవుతాయి, పాదాలు అంత వాస్తాయి. ఉతికినకొద్దీ దుప్పట్లు వస్తూనే ఉంటాయి. లోకంలో ఎవరూ ఒక్కరోజైనా శుభ్రంగా పడుకోరా అని నాకు ఒళ్ళు మండిపోయేది.

ప్రెస్సు అంటే కింద మెత్తటి బల్ల, పైన కాలే మూత. బట్ట పరిచి మూత దించి, కాలితో ఆవిరి మీట నొక్కి, సరైన సమయానికి ఎత్తాలి. ముందే ఎత్తితే చెమ్మ పోదు, ఆలస్యమైతే గోధుమరంగు మచ్చ పడుతుంది. ఎప్పుడెత్తాలో చెప్పడానికి ఆ యంత్రాలకి గంటలుండేవి. నేను చేరేనాటికే అవి మూగబోయాయి. బాగుచేయించమంటే ఓనరు "వచ్చే నెల" అనేవాడు. ఆ వచ్చే నెల ఏ క్యాలెండరులోనూ రాలేదు.

అందుకని గదిలో రేడియో పెట్టుకుని, పాట లెక్కన మూతలు ఎత్తడం నేర్చుకున్నారట వెనకటి వాళ్ళు. సినిమా పాటలతో చిక్కేమిటంటే, మధ్యలో వేణువు వస్తుంది. వేణువు రాగానే అందరి కళ్ళూ కిటికీ వైపు పోతాయి. ఎవరికి గుర్తొచ్చేవాళ్ళు వాళ్ళకి గుర్తొస్తారు. ఆ మైమరపులో దిండు గలీబులు కాలేవి. మా వదిన చేరిన కొత్తలోనే అది గమనించి, ఇంటి నుంచి మా అన్న టేప్‌రికార్డరు, సంచీడు క్యాసెట్లు మోసుకొచ్చింది. "ఈ పాటల్లో వేణువు లేదు, వెన్నెల లేదు. మొదలైతే ఆగదు, ఆగితే మిగలదు. వీటికి ఎత్తండి మూతలు" అంది.

అలా పాటే మాకు గంట అయింది. దిండు గలీబులకి పరుగు పాట, పల్లవి ఒకసారి తిరగ్గానే మూత ఎత్తడమే. ఆపరేషన్ గది బట్టలు మందం కదా, వాటికి బరువు పాట, డ్రమ్ము నెమ్మదిగా దిగబడేది కావాలి. తువ్వాళ్ళకి ఇటుకల పాట. ఎవరో గోడ కడుతూ కోపంతో ఇటుకలు విసురుతున్నట్టుంటుందని ఆ పేరు. పళ్ళు నూరేది, తలుపు తన్నేది, నాకేంటి పాట, అన్ని పేర్లూ మేం పెట్టుకున్నవే. అసలు పేర్లు మాకెవరికీ తెలియవు, ఎందుకంటే ఆ క్యాసెట్ల మీద చీటీలు లేవు.

చీటీలు ఎందుకు లేవంటే, అవి కొన్నవి కాదు. మా అన్న కార్లలో పాటల పెట్టెలు బాగుచేసేవాడు. క్యాసెట్టు లోపల ఇరుక్కుపోయిందని వచ్చేవారు ఎక్కువ. టేపు నలిగితే కారు వాళ్ళు మొహం చిట్లించి "పారెయ్" అనేవారు. అన్న పారేసేవాడు కాదు. పెన్సిలు పెట్టి తిప్పి, నలిగినచోట అతికించి, ఇంటికి తెచ్చేవాడు. ఎందుకో గానీ ఇరుక్కునేవి ఎక్కువగా ఆ మోత పాటలే. మంచి పాటలు మర్యాదగా బయటికొచ్చేస్తాయి, ఇవే మొండికేస్తాయి అని నవ్వేవాడు. పెళ్ళయిన కొత్తలో మా వదిన పుట్టింటి మీద బెంగతో మూల కూర్చుని ఏడుస్తుంటే, ఓదార్చడం చేతకాక తలుపు తన్నేది వేశాడట. ఆవిడ ఉలిక్కిపడి ఏడుపు మర్చిపోయిందట. "బాధగా ఉన్నప్పుడు బాధ పాట వినకూడదే, కోపం పాట వినాలి. బాధకి కాళ్ళుండవు, కోపానికి ఉంటాయి, లేచి రెండడుగులు వేయిస్తుంది" అనేవాడు. అన్న పోయినప్పుడు కూడా మా వదిన ఎవరి ముందూ ఏడవలేదు. ఇటుకల పాట పెట్టుకుని ఇల్లంతా కడిగింది. నేను తలుపు దగ్గర కూర్చుని ఆవిడ వంతు కూడా ఏడ్చాను.

పాటలు సిఫారసు చేయడంలో ఆవిడకి కొన్ని పట్టింపులుండేవి. మెత్తగా మొదలై తర్వాత గట్టిపడే పాటని నమ్మకూడదు, అది అప్పడగడానికి వచ్చిన చుట్టం లాంటిది. గొంతు బాగున్నవాడు కోపం పాట పాడకూడదు, వాడి ధ్యాస గొంతు మీదే ఉంటుంది. పాట చెప్పాల్సింది చెప్పి తలుపేసుకుని పోవాలి, అంతకన్నా సాగితే ఉపన్యాసం. ఇలా ప్రతి పాటకీ ఒక గుణం, ప్రతి మనిషికీ ఒక పాట. ఉతుకు గదిలో తాత ఒకాయన ఉండేవాడు, మోకాళ్ళ నొప్పులు. "అమ్మా, నాకేదైనా జోలపాట లాంటిది ఉంటే చూడు" అన్నాడు. మా వదిన బరువు పాట వేసింది. "ఇదేం జోలపాటమ్మా?" అంటే, "నీ మోకాళ్ళకి జోల ఎందుకు తాతా, అవి ఇప్పటికే నిద్రపోతున్నాయి, లేపాలి" అంది. తాత ఆ పాటకి మెట్లెక్కడం అలవాటు చేసుకున్నాడు. పాట లేని రోజు కిందే కూర్చునేవాడు.

చిరుగులు కుట్టే టైలరమ్మని భర్త వదిలేసి పోయినప్పుడు ఆవిడకి నాకేంటి పాట రాసిచ్చినంత పని చేసింది. అందులో పాడేది ఒక ఆడమనిషి. ఒకటే మాట, ఎన్నిసార్లంటుందో. టైలరమ్మ పొద్దుటి నుంచి అదే వేయించుకుని, కళ్ళు తుడుచుకుంటూ మిషను తొక్కి తొక్కి, సాయంత్రానికి ఒక కట్ట గలీబులకి నాలుగు వైపులా కుట్టేసింది. దిండు ఎటు నుంచి దూర్చాలో ఎవరికీ తెలియలేదు. ఆవిడే ముందు నవ్వింది. సూపర్‌వైజరు కూడా, మామగారు వచ్చి తిష్ఠ వేసినప్పుడు, ఎవరూ చూడకుండా వచ్చి "వదినగారూ, నాకేదైనా..." అని గొణిగాడు. ఆవిడ పళ్ళు నూరేది ఇచ్చింది. పాపం పెద్దమనిషి, మర్నాటికి పళ్ళు నూరడం అలవాటు చేసుకొచ్చాడు గానీ మామగారు మాత్రం కదల్లేదు.

ఆ క్యాసెట్లు అరిగిపోతుంటే వాటన్నిటినీ ఒక చిన్న స్పీకరు పెట్టెలోకి ఎక్కించింది మా మేనకోడలే, చదువుకునే రోజుల్లో. దానికి ఆ భాష వచ్చు. అప్పుడే బయటపడింది, మేమంతా యజమాని నెత్తిన బండ వేసే పాట అనుకున్న తలుపు తన్నేది, నిజానికి రావలసిన బస్సు రాలేదని పాడిన పాట అని. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. మా వదిన నవ్వలేదు. "బస్సు రాకపోతే కోపం రాదా? నిలబడ్డవాడిని అడుగు" అంది. ఆ రోజు నుంచి దాని పేరు బస్సు పాట అయింది. తల్లీకూతుళ్ళు దాన్ని పెట్టుకుని ఇద్దరూ కలిసి అరిచేవారు. పక్కింటావిడ గోడ మీద కొట్టేది. డ్రమ్ముకి తోడు దొరికిందని మా మేనకోడలు ఇంకా అరిచేది. అలాంటి పిల్ల.

కిందటేడు దానికి ఉద్యోగం వచ్చింది. ఫ్రిజ్‌లు, వాషింగ్ మిషన్లు అమ్మే ఒక కంపెనీకి ఫిర్యాదుల ఫోన్లు ఎత్తే పని. చెవులకి పెట్టుకునేది ఒకటి ఇచ్చారు, ముందు ఒక తెర. మొదట్లో ఇంటికొచ్చి అందరినీ అనుకరించి నవ్వించేది. తర్వాత నవ్వించడం మానేసింది. తర్వాత మాట్లాడటం మానేసింది. రాగానే స్నానం చేసి గోడవైపు తిరిగి పడుకునేది. ఆఖరికి ఒకరోజు పనికి వెళ్ళలేదు. మర్నాడూ వెళ్ళలేదు. అన్నం కంచం పెడితే వేళ్ళతో కెలికి, నీళ్ళు తాగి లేచేది. పిలిస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు. బుగ్గలు లోపలికి పోయాయి. దానికి తలస్నానం చేయిస్తుంటే మెడ ఎముకలు చేతికి తగిలి నాకు భయం వేసింది. ఏమైందే అని నేను అడిగితే, "ఏం లేదత్తా, అలిసిపోయాను" అంది. అలసట మా ఇంట్లో కొత్త సరుకు కాదు కాబట్టి నేను కూడా నమ్మాను.

మా వదిన మాత్రం తనకి తెలిసిన వైద్యం మొదలుపెట్టింది. పనికి వెళ్ళేముందు దాని గది గుమ్మంలో స్పీకరు పెట్టి ఇటుకల పాట వేసింది. పిల్ల కదల్లేదు. సాయంత్రం పళ్ళు నూరేది వేసింది. మర్నాడు నాకేంటి పాట. "లోపల ఏదో గడ్డ కట్టింది, గట్టి పాటతో గానీ పగలదు" అని ఒక పాట మీద ఇంకో పాట. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అలా ఉంది నాకు చూస్తుంటే. "వదినా, కాసేపు ఊరుకోవే, పిల్లని పడుకోనీ" అన్నాను. ఒంటికాలి మీద లేచింది. "పడుకుని పడుకుని ఇలా అయింది. మీ అన్నే ఉంటే నన్ను వెయ్యమనేవాడు" అంది. చచ్చినవాడి సాక్ష్యానికి ఎవరు మాత్రం ఎదురు చెబుతారు!

ఆదివారం పొద్దున ఆవిడ బస్సు పాట వేసింది. మిగిలింది అదొక్కటే. శబ్దం పెంచింది, తలుపు తీసింది, కూతురి మంచం పక్కన నిలబడి పల్లవి తనే అందుకుంది. వెనకటిలా అది కూడా లేచి అరుస్తుందని ఆశ. నేను వంటగదిలోంచి చూస్తున్నాను. పిల్ల లేచింది. స్పీకరు ఆపింది. కోపంగా కూడా కాదు, వినయంగా, ఫోన్లో మాట్లాడే గొంతుతో అంది.

"అమ్మా, పనిలో ఉంటే రోజంతా నా చెవిలో అరుస్తూనే ఉంటారు. ఇంట్లో ఉంటే నువ్వు కూడానా?"

మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంది. మా వదిన స్పీకరు తీసుకెళ్ళి అల్మారాలో పెట్టేసింది. తర్వాత వంటగదిలోకి వచ్చి నా పక్కన కూర్చుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయిందని నేను అనలేదు. అనాలనిపించింది, కానీ ఆవిడ మొహం చూశాక నోరు రాలేదు. "నాకు వేరే ఏమీ రాదు" అంది, నాతో కాదు, ఉల్లిపాయలతో. ఊరందరికీ పాటలు పంచిన మనిషి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నవాడు మా ఇల్లు చూసే అన్నట్టున్నాడు.

మర్నాడు ఆవిడ స్పీకరు తీసుకోకుండా లాండ్రీకి బయల్దేరింది. మర్చిపోయావని నేను చెప్పబోతే, "మర్చిపోలేదు" అంది. పై గదిలో ఆ పూట పాట లేదు. ఆవిరి బుసలు, మూతల చప్పుడు, అంతే. ప్రెస్సుల దగ్గర వాళ్ళు తలా ఒక లెక్క పెదాల మీద పెట్టుకున్నారు గానీ అవి కలవలేదు. మా వదిన పైకే లెక్కపెడుతూ అందరికీ "ఎత్తండి" అని చెబుతోంది. తాత కింద నుంచి "పాట ఏదమ్మా?" అని అరిచాడు. మా వదిన లెక్క ఆపలేదు. నాకు ఇన్నేళ్ళుగా కావలసిన నిశ్శబ్దం అదే. దొరికాక చూస్తే చాలా చెడ్డగా ఉంది. పాట ఉన్నంతసేపూ నడుం నొప్పి పాట వల్లేనని తిట్టుకునేదాన్ని. ఇప్పుడు నొప్పికి ఎవరినీ తిట్టడానికి లేదు.

మధ్యాహ్నం అన్నాల వేళకి కాస్త ముందు, మెట్ల మీద అలికిడయింది. మా మేనకోడలు. జడ కూడా వేసుకోలేదు. చేతిలో స్పీకరు పెట్టె, దాని తీగ మెడకి వేలాడుతోంది. "అల్మారాలో మర్చిపోయావమ్మా. ఇది లేకపోతే మీకు బట్టలు కాలతాయి కదా" అంది. అంత నీరసంలో దానికి మా గలీబుల చింత! ఆ పిల్ల గుణమే అది. నేను మడత మీదే కళ్ళు పెట్టుకున్నాను.

మా వదిన అప్పుడే గలీబులు పరిచి మూత దించింది. పక్క ప్రెస్సుల వాళ్ళు కూడా దించారు. ఆవిడ కూతురి చేతిలో స్పీకరు అందుకుంది. మేమంతా ఏ పాట వేస్తుందా అని చూస్తున్నాం. ఆవిడ దాన్ని తీసుకెళ్ళి బల్ల కింద పెట్టేసింది. కొంగుతో స్టూలు తుడిచి కూతురిని కూర్చోబెట్టింది. పిడి వదిలేసి దాని ఎదురుగా దుప్పట్ల మూట మీద తనూ కూర్చుంది. పని వేళలో ఆవిడ కూర్చోగా నేను చూడటం అదే మొదలు.

"ఏమంటారే నిన్ను?" అని అడిగింది.

"ఎవరు?"

"ఫోన్లో. ఏమంటారు?"

పిల్ల మా అందరి వంకా చూసింది. "తిడతారు. అది మామూలేనమ్మా. తిట్టేవాళ్ళతో నాకేం బాధ లేదు. చెవిలోది కాస్త పక్కకి జరుపుకుంటాను."

"మరి?"

"ఒకాయన తిట్టలేదు."

ఆగింది. మా వదిన కూడా ఆగింది. పాట పేరు చెప్పలేదు, తలనిమరలేదు, ఊరికే చూస్తూ కూర్చుంది. పిల్లే మళ్ళీ మొదలుపెట్టింది. ఆయన ఇంట్లో ఫ్రిజ్ పాడైంది. ఆయన కూతురికి రోజూ వేసే సూది మందు చల్లగా ఉంచాలి. మెకానిక్కుని పంపమని చాలాసార్లు చేశాడు. చేసినప్పుడల్లా రేపు వస్తాడని చెప్పమని మా పిల్లకి పైనుంచి చెప్పారు, అది అలాగే చెప్పింది. మెకానిక్కు వెళ్ళలేదు. మందంతా పాడైపోయింది.

"ఆఖరిసారి ఫోన్ చేసి, 'మందు పోయిందమ్మా, అది దొరకడం చాలా కష్టం' అన్నాడు. అంతే. అరవలేదు. వాళ్ళు రాసిచ్చిందే నేను చదవాలి కదా. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్ అన్నాను. ఫోన్ పెట్టేముందు ఒకటి అడగాలి, అడక్కపోతే మార్కులు తగ్గుతాయి. ఇంకేమైనా సహాయం కావాలా సార్ అని అడిగాను."

"ఏమన్నాడు?"

"'వద్దమ్మా. మధ్యాహ్నమైంది, నువ్వు అన్నం తిన్నావా?' అన్నాడు."

టైలరమ్మ మిషను ఆగిపోయింది. తాత ఎప్పుడు మెట్లెక్కాడో, పాట లేకుండానే, గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఆ ఫోన్ రికార్డు ఆఫీసులో అందరికీ వినిపించారమ్మా. గొంతు ఎక్కడా తొణకలేదు, చూసి నేర్చుకోండి అని చప్పట్లు కొట్టించారు. అప్పట్నుంచీ కంచం ముందు కూర్చుంటే ఆ మాటే వినిపిస్తోంది. ముద్ద దిగట్లేదు."

అప్పుడు దానికే ముందు వాసన వచ్చింది. ముక్కు ఎగబీల్చి ప్రెస్సు వైపు చూసింది. మూతల అంచుల నుంచి సన్నగా పొగ. ఒక ప్రెస్సు కాదు, అన్నీ. దించినవాళ్ళు ఎవరూ ఎత్తలేదు. ఎత్తమని చెప్పే పాట లేదు, లెక్కపెట్టే మా వదిన మూట మీద కూర్చుని ఉంది.

"అమ్మా, కాలుతోంది" అంది.

మా వదిన తల కూడా తిప్పలేదు. ఇన్నేళ్ళలో ఒక్క గలీబు మీద మచ్చ పడనివ్వని మనిషి. "కాలితే కాలనీ. నువ్వు చెప్పు" అంది.

అప్పుడు ఏడ్చింది మా పిల్ల. పెద్దగా, సిగ్గు లేకుండా, బస్సు పాటకి అరిచినట్టే. నేను పరుగెత్తి మూతలు ఎత్తాను. వేళ్ళు చురుక్కుమన్నాయి. గలీబులు గోధుమరంగు దాటి ఎండుటాకు రంగుకి వచ్చాయి. సూపర్‌వైజరు వాసనకి పరుగున వచ్చి, "ఏంటిది, పాట ఎవరాపారు?" అని కేకలు మొదలుపెట్టి, స్టూలు మీద పిల్లని, మూట మీద తల్లిని చూసి, కిటికీ తెరుస్తున్నట్టు నటించి వెళ్ళిపోయాడు. మా వదిన తన అన్నం డబ్బా మూత తీసి పిల్ల చేతిలో పెట్టింది. తినమని అనలేదు. చాలాసేపటికి అది ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది, కాలిన బట్టల వాసనలో, మా అందరి ముందూ. ఆ ముద్ద దిగేవరకు అందరం గుడ్లప్పగించి చూశాం. దిగింది.

ఉద్యోగం మానేసిందా అని అడుగుతారు. మానలేదు. మానితే ఇంకో ఫోను, ఇంకో కంపెనీ, అంతే కదా. ఆ ఆయనకి మందు దొరికిందో లేదో ఇప్పటికీ తెలియదు. నంబరు చూసి చేద్దామనుకుందట గానీ, అలా చేయకూడదని నియమం. ఆ సంగతి చెప్పినప్పుడు మాత్రం దాని మొహం ఇంకా చిన్నబోతుంది. కాకపోతే ఇప్పుడు ఇంటికొచ్చి గోడవైపు తిరగదు. ఆ రోజు ఏ ఫోన్ ఎలాంటిదో చెబుతుంది, మా వదిన కూరగాయలు తరుగుతూ వింటుంది. అంతా అయ్యాక, "వెయ్యనా?" అంటుంది. పిల్ల ఒక్కోసారి వెయ్యమంటుంది, ఒక్కోసారి వద్దంటుంది. వద్దంటే వెయ్యదు.

కాలిన గలీబులు ఓనరు మా మొహాన కొట్టాడు. ఒకటి ఇప్పుడు నా దిండుకే ఉంది, ఎంత ఉతికినా ఆ వాసన పోదు. లాండ్రీలో పాటలు మళ్ళీ మోగుతున్నాయి. నాకు మళ్ళీ తలనొప్పి. మొన్న ఒక పూట, మడత బల్ల మీద దుప్పట్లు గుట్టలా పడి ఉన్నాయి, నా నడుం పట్టేసింది, బల్ల పట్టుకుని నిలబడ్డాను. మా వదిన ప్రెస్సు దగ్గర నుంచి నన్ను ఎగాదిగా చూసింది. ఇక నాకూ ఏదో పాట రాసిస్తుందని అర్థమై, "నాకేమీ వద్దు తల్లీ" అనబోయాను.

"ఏమైంది నీకు?" అంది.

ఒకే ఇంట్లో, ఒకే గదిలో ఇన్నేళ్ళు బతికాం. ఈ మాట ఆవిడ నన్ను అడగలేదు, అడగలేదని నేను కూడా అనుకోలేదు. నడుం నొప్పన్నాను.

"నడుం సంగతి తెలుసులే. ఇంకేంటి?"

ఏమీ లేదని చెప్పడానికి నోరు తెరిచాను. అన్న పోయిన రోజు నుంచి ఉన్నవన్నీ ఒక్కసారి నాలుక మీదికి వచ్చి కూర్చున్నాయి. కళ్ళు తుడుచుకుని స్టూలు లాక్కున్నాను.

"ముందు ఆ మూత ఎత్తి రా వదినా, ఇది కాస్త పొడుగు" అన్నాను.